మలుపు మలుపుకీ పిలుస్తూ

బుకిత్ మేరా, సింగపూర్
నవంబరు 1992

చిరంజీవి లూయాన్‌ను దీవించి అమ్మ రాసేది.

నేను బాగున్నాను. మీ నాన్న బాగున్నాడు. ఉత్తరం మొదట్లో "మేమిద్దరం క్షేమం" అని కలిపి రాయాలని చిన్నప్పుడు నీకు నేనే నేర్పాను. ఇప్పుడు అలా కలిపి రాయడానికి నాకే చెయ్యి రావడం లేదు. అందుకని విడివిడిగా రాశాను. విడివిడిగా అయినా ఇద్దరం బాగానే ఉన్నాం, కంగారు పడకు. అల్లుణ్ణీ, మీ అత్తగారినీ మామగారినీ అడిగానని చెప్పు. సిబూలో వరద తగ్గిందా? నది మీ వీధి చివరిదాకా వచ్చిందని రాశావు. నీళ్ళలో నడవకు. నడవక తప్పకపోతే అల్లుడి చెయ్యి పట్టుకుని నడు, సిగ్గుపడకు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. కింద డబ్బాలోంచి తీసి మెట్ల మీదే కూచుని చదువుకున్నాను. రెండు మూడు చోట్ల అక్షరం తెలియలేదు. పక్కింటి రొకయాని అడుగుదామని లేచి, ఆమెకి మన చైనా రాత రాదు కదా అని నాలో నేనే నవ్వుకుని మళ్ళీ కూచున్నాను. నావి రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. నువ్వు పక్కన కూచుని నా తప్పులు దిద్దేదానివి, ఇప్పుడు సముద్రం అవతల నుంచి దిద్దుకో.

అల్లం సంగతి అడిగావు. ముదురుదే కొను. లేతల్లం కూరకి బాగుంటుంది గానీ బాలింత ఒంట్లో చేరిన గాలిని తియ్యలేదు. తొక్క తియ్యకుండా కడిగి, ఎండలో ఆరబెట్టి, నువ్వుల నూనెలో మాడే ముందు దాకా వేయించాలి. మీ అత్తగారు వాళ్ళ పద్ధతిలో ఎర్ర సారా పోసి కోడిని వండి, సన్న సేమ్యాతో పెడతారట కదా. కాదనకు, తిను. పెట్టే చెయ్యి ఉన్నప్పుడు తినాలి.

గుడ్డ ఉయ్యాల వేలాడదీసే స్ప్రింగు వేరే పార్సెల్‌లో పంపుతున్నాను. నిన్నూ మీ అన్ననీ ఊపినది అదే. మీ వైపు కొత్తది దొరుకుతుందని తెలుసు, అయినా ఇదే కట్టు. అటక మీది పెట్టెలో తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. తీసి చూస్తే నూనె రాసి, పాత చొక్కా గుడ్డలో చుట్టి ఉంది. ఆ నూనె నేను రాయలేదు.

నాన్న దగ్గు ఎలా ఉందని అడిగావు. తగ్గింది. నువ్వు రాసినట్టు పియర్ పండు ముక్కలు ఉడికించి ఆ నీళ్ళు తాగమని రొకయా చేత చెప్పించాను. "ఎవరు చెప్పారు?" అని అడిగాడట. "మా ఆయనకి పనిచేసింది" అందట రొకయా. వాళ్ళాయనకి జన్మలో దగ్గు రాలేదు.

నువ్వు అడిగినవాటిలో రెండింటికి వెంటనే జవాబు రాయలేకపోతున్నాను. ఒకటి, అన్నయ్య ఫొటో దగ్గర అగరొత్తి ఎవరు వెలిగిస్తున్నారని. రెండోది, కొత్త సంవత్సరానికి నేను వచ్చేదాకా కోర్టు పని ఆపు, సంతకం పెట్టకు అని. దాటవెయ్యను, రాస్తాను. ముందు కొంచెం పాత సంగతులు రాయనీ. నీకూ బిడ్డ పుట్టబోతోంది, ఇవి తెలిసినవాళ్ళు ఇంక మేమిద్దరమే.

మేం నది ఒడ్డున బియ్యం గోదాముల వెనక ఉండే మొదటి రోజులు నీకు సరిగ్గా గుర్తుండవు. మీ నాన్నది ముందు భాగాన రెండు కళ్ళు గీసిన పడవ. పెద్ద ఓడల మీంచి బస్తాలు దింపుకుని నదిలోకి తెచ్చేవాడు. అప్పట్లో ఆయన గొంతు వినాలి నువ్వు. ఈ ఒడ్డున కేకేస్తే ఆ ఒడ్డు గోదాములో నిద్రపోయే కూలీ లేచి పలికేవాడు. నన్ను పెళ్ళి చూపులకి తీసుకొచ్చినప్పుడు మా అమ్మ, "అబ్బాయి బాగున్నాడు గానీ చెవుడేమో, అంత గట్టిగా మాట్లాడతాడేం?" అని అడిగింది. మీ తాత నవ్వి, "చెవుడు కాదమ్మా, పడవ. నీళ్ళ మీద గుసగుసలాడితే మునుగుతాం" అన్నాడు.

మీ అన్న చూన్ నడక రాగానే పడవెక్కాడు. రేవులో పడవ కట్టేసే వేళకి ముందుకి పాకి వెళ్ళి, గీసిన రెండు కళ్ళ మీదా చెయ్యి వేసి "నిద్రపో, ఇంక నిద్రపో" అనేవాడు. ఒక కన్ను అందేది కాదు. అందకపోతే మీ నాన్న వాణ్ణి నడుం పట్టుకుని నీళ్ళ మీద వేలాడదీసేవాడు. నేను ఒడ్డున గుండె పట్టుకుని నిలబడేదాన్ని.

పోటు వచ్చినప్పుడు నీళ్ళు వంతెన అడుక్కి ఎగిసేవి. పడవ దూరడానికి జానెడు సందు. అప్పుడు మీ నాన్న కేక: "చూన్, వంతెన! తల వంచు!" వాడు తల వంచేవాడు. వంతెన దాటాక కూడా లేచేవాడు కాదు, మళ్ళీ కేక వెయ్యాలి, "చూన్, దాటాం, లే!" అని. ఆ రెండో కేక వినడానికే వాడలా పడుకునేవాడని నాకు తెలుసు, మీ నాన్నకీ తెలుసు. ఒడ్డున అందరూ నవ్వేవాళ్ళు. ఆయన అసలు పేరు కాగితం మీదే ఉండేది, రేవులో ఆయన "చూన్ నాన్న". నేను "చూన్ అమ్మ". మేం ఒకర్నొకరం కూడా అలాగే పిలుచుకునేవాళ్ళం. ఇరవయ్యేళ్ళు నేను మీ నాన్నని వేరే పేరుతో పిలవలేదు.

తరవాత ప్రభుత్వంవాళ్ళు పడవల్ని నదిలోంచి పంపేశారు, మనకి ఈ ఎనిమిదో అంతస్తు ఇల్లు వచ్చింది, మీ నాన్న గోదాము గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. అదంతా నీకు తెలుసు. చూన్‌కి ఇరవయ్యో ఏట జ్వరం వచ్చిందీ నీకు తెలుసు. వారం తిరక్కుండానే తీసుకుపోయింది. అది మళ్ళీ రాయను.

నీకు పూర్తిగా తెలియంది తరవాతి సంగతి. చూన్‌ని సాగనంపి ఇంటికి వచ్చాక మీ నాన్న నోట వాడి పేరు మళ్ళీ వినపడలేదు. మొదట్లో దుఃఖం అనుకున్నాను. నెలలు గడిచాయి. నేను "చూన్‌కి ఈ చేప ఇష్టం" అంటే ఆయన లేచి వెళ్ళిపోయేవాడు. "చూన్ నాన్నా" అని పిలిస్తే పలికేవాడు కాదు. గోదాములో వాళ్ళు, గుళ్ళో వాళ్ళు అందరూ జాలిపడి మెల్లగా పిలుపు మార్చేశారు, ఆయన "లూయాన్ నాన్న" అయ్యాడు, నేను "లూయాన్ అమ్మ" అయ్యాను. రొకయా ఒక్కతే మార్చలేదు. వరండాలో కనపడితే ఇవాళ్టికీ "చూన్ అమ్మా, మార్కెట్‌కా?" అంటుంది. ఆ ఒక్క మాటకోసం నాకు పనిలేకపోయినా పొద్దున్నే వరండాలోకి వెళ్ళేదాన్ని.

ఆ ఏడు కొత్త సంవత్సరం విందు రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నేను నాలుగో గిన్నె, నాలుగో జత తినే పుల్లలు పెట్టాను. మీ నాన్న చూసి ఆ గిన్నె తీసి లోపల పెట్టేశాడు.

"అది ఎవరి గిన్నో చెప్పి తియ్యి" అన్నాను.

"పిల్ల తింటోంది. ఊరుకో."

"పేరు చెప్పి తియ్యి. ఒక్కసారి చెప్పు, నేనింకేం అడగను."

నువ్వు చేప గిన్నెలోకి చూస్తూ కూచున్నావు. ఆయన చెప్పలేదు. ఆ రోజునుంచే నేను చూన్ గదిలో పడుకోవడం మొదలుపెట్టాను. నాకు మీ నాన్న దగ్గర కావలసింది ఆ పేరు ఒక్కటే, లూయాన్. వాడు పుట్టినట్టు, ఉన్నట్టు ఆయన నోటితో ఒక్కసారి అనాలి. అనని మనిషితో ఒక కంచంలో తినలేననుకున్నాను. పిలిచే దిక్కులేని చనిపోయినవాళ్ళు ఆకలితో తిరుగుతారని మా అమ్మ చెప్పేది. నా బిడ్డ తన ఇంట్లోనే ఆకలితో ఉన్నాడని నా కోపం.

నువ్వు ఉన్నన్నాళ్ళూ ఇద్దరి మధ్యా మాటలు మోశావు. "అమ్మా, నాన్న ఉప్పు అడుగుతున్నాడు", "నాన్నా, అమ్మ తలుపు గడియ పెట్టమంటోంది." నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళాక మాటలు మోసే మనిషి లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ ఇంట్లో రెండు కాపురాలున్నాయని వంటింట్లోకి వెళితే గానీ తెలియదు. రెండు అన్నం కుక్కర్లు, ఫ్రిజ్‌లో పై అర ఆయనది, కింది అర నాది. కిటికీ బయట బట్టలారేసే వెదురు గడలు కూడా పంచుకున్నాం. ఆయన ఉతుక్కున్నవి ఆయన గడ మీద, నావి నా గడ మీద. మొదట్లో ఆయన చొక్కాలు తిరగేసి ఆరేసేవాడు, కాలర్లు సాగిపోయేవి. చూసి చెప్పబోయి ఆగిపోయేదాన్ని.

లాయరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు సాక్షిగా రొకయాని తీసుకెళ్ళాను. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా లేమని బయటి మనిషి ఎవరైనా చెప్పాలట. లాయరమ్మ చిన్నపిల్ల, నీకంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటుందేమో, ముక్కు మీద కళ్ళజోడు. మన భాష కొంచెం కొంచెం మాట్లాడుతుంది.

"ఆయనకి వంట చేస్తారా ఆంటీ?"

"లేదు."

"బట్టలు ఉతుకుతారా?"

"లేదమ్మా. ఆయన గడ ఆయనది, నా గడ నాది."

పక్కనుంచి రొకయా అందుకుంది. "నిజమేనమ్మా. కానీ వానొస్తే మాత్రం రెండు గడలూ ఈమే లాగుతుంది."

లాయరమ్మ రాయడం ఆపింది. "ఆంటీ, ఆయన బట్టలు మీరు లోపలికి తీస్తారా?"

"వాన పడుతుంటే ఎవరి చొక్కా అని చూస్తూ నిలబడతామా? మీ బట్టలున్నా లాగేదాన్ని."

"నావి కూడా లాగింది" అంది రొకయా. "ఎన్నోసార్లు. మరి నేనూ ఈమెకి మొగుణ్ణేనా?"

లాయరమ్మ కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. నేనూ నవ్వాను. విడాకుల కోసం వెళ్ళి అలా నవ్వుతానని ఎవరనుకుంటారు? అదే ఆఫీసులో మా తరవాత లోపలికి వెళ్ళాల్సిన జంట మమ్మల్ని వింతగా చూశారు.

ఇక దాచను. కోర్టు పని అయిపోయింది, లూయాన్. నీ ఉత్తరం వచ్చేనాటికే అయిపోయింది. నువ్వు రాకముందే కావాలనే సంతకం పెట్టాను. నువ్వు పెద్ద కడుపుతో వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడితే నేను ఆగిపోతాను, ఆగిపోయి మళ్ళీ అదే వంటింట్లో అదే మౌనంలో ఉంటాను. అది భయమేసింది. నా మీద కోపం వస్తే రానీ, బిడ్డకి మాత్రం ఆ కోపం తగలనివ్వకు.

కోర్టులో పెద్దగా ఏం జరగలేదు. మీ నాన్న నువ్వు పెళ్ళికి కుట్టించిన చొక్కా వేసుకుని వచ్చాడు. జడ్జి అడిగింది దుబాసీ మాకు చెప్పేవాడు. "విడిగా ఉన్న ఈ మూడేళ్ళలో మీ భర్త కోసం ఎప్పుడైనా వండారా?" అన్నాడు. లేదన్నాను. అని, అబద్ధమైపోతుందేమోనని భయం వేసి, "కొడుకు కోసం వండాను. ఏటా వాడి తిథి నాడు బాతు పులుసు, చేమదుంప తీపి వండి వాడి ముందు పెడతాను. వాడు తిన్నాక బల్ల మీద మూతేసి ఉంచుతాను. తరవాత ఎవరు తింటారో నేను చూడను" అన్నాను. సాయంత్రానికి సగం బాతు అయిపోయి, గిన్నె కడిగి బోర్లించి ఉండేది. అది మాత్రం చెప్పలేదు.

"మీ కొడుకు మీతోనే ఉంటాడా?" అని జడ్జి అడిగింది.

"ఉంటాడు" అన్నాను.

దుబాసీ నన్ను చూశాడు, కాగితం చూశాడు, తరవాత ఆమెకి ఏదో చాలాసేపు నెమ్మదిగా చెప్పాడు. ఆమె ఇంకేం అడగలేదు. నేను మీ నాన్న వైపు చూశాను, ఇప్పుడైనా అంటాడేమోనని. ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

ఇల్లు నాకు వదిలేస్తానన్నాడు. తనకి నది పక్క ఒంటిగది ఇల్లు దొరికింది. "పాత రేవు కనపడుతుందా అక్కణ్ణించి?" అని రొకయా అడిగితే, "కనపడదు, వాసన వస్తుంది" అన్నాడట. శుక్రవారం సామాను కట్టుకున్నాడు. రెండు సంచులు, తన అన్నం కుక్కరు. కట్టుకున్నాక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ గుమ్మం ఆయన దాటి రాక ఎన్నాళ్ళయిందో.

"గిన్నెలో బూడిద కొంచెం ఇస్తావా?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. అన్నదమ్ములు వేరుపడితే పెద్దింటి అగరొత్తుల గిన్నెలోంచి గరిటెడు బూడిద తీసుకుని కొత్తింట్లో కొత్త గిన్నె పెట్టుకోవడం ఉంది. మీ పెదనాన్న అలాగే తీసుకెళ్ళాడు. కానీ మొగుడూ పెళ్ళాలు బిడ్డ గిన్నెని పంచుకోవడం నేనెక్కడా వినలేదు. పైగా ఆ గిన్నెని తాకాల్సింది నువ్వు. కన్నవాళ్ళు బిడ్డకి అగరొత్తి పట్టకూడదు, చిన్నవాళ్ళే పట్టాలి. కడుపుతో ఉన్న నిన్ను ఈ పనికి పిలవకూడదు.

గుడి పక్కన అగరొత్తులమ్మే ముసలమ్మని అడుగుదామని వెళ్ళాం. ఇద్దరం కలిసే వెళ్ళాం, ఆయన నాలుగడుగులు ముందు, నేను వెనక. ముసలమ్మ మమ్మల్ని చూసి, "విడాకులైపోయాక ఇప్పుడు జంటగా వచ్చారా? బుద్ధి ఉండే వచ్చారా?" అంది. విషయం చెప్పాను.

"పంచొచ్చా అవ్వా?"

"అన్నం పంచితే తరుగుతుంది. బూడిద తరుగుతుందిటే? రెండు చోట్ల పెట్టుకుంటే రెండు చోట్లా తింటాడు. కుర్రవాడు, ఆకలెక్కువ."

"చెల్లెలు రాలేదు. మరి ఎవరు తియ్యాలి?"

"చిన్నవాళ్ళు లేనప్పుడు పెద్దవాళ్ళే. మీకు వేరే దారి ఉందా? ఉంటే చెప్పండి, నేనూ వింటా." అని మీ నాన్న వైపు వేలు చూపించింది. "నువ్వు మొయ్యాలి. నల్ల గొడుగు పట్టాలి, ఎండ తగలకూడదు. ఊరికే మూటలాగా పట్టుకుపోకు. పేరు పెట్టి పిలుస్తూ తీసుకెళ్ళాలి. మెట్లొస్తే మెట్లని చెప్పు, మలుపొస్తే మలుపని చెప్పు, బస్సెక్కితే బస్సని చెప్పు. చెప్పకపోతే వాడు ఆ మలుపు దగ్గరే నిలబడిపోతాడు, కొత్తిల్లు వాడికేం తెలుసు?"

మీ నాన్న నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. ఈ మనిషి పిలవడు. పిలవకపోతే నా బిడ్డ ఏ మూల మలుపులో ఆగిపోతాడో.

"నేను కూడా వస్తాను, నేను పిలుస్తాను" అన్నాను.

"మోసేవాడే పిలవాలి" అంది ముసలమ్మ. "నోరు లేదా ఏంటి నీ మొగుడికి? ఒకప్పుడు నది నదంతా వినపడేది!"

ఇంటికొచ్చి చూన్ ఫొటో ముందున్న గిన్నె కిందికి దించాను. కొత్త మైలో పొడి డబ్బా ఖాళీ చేసి, దానికి ఎర్ర కాగితం చుట్టి పక్కన పెట్టుకున్నాను. బూడిద తీసేముందు కాలిపోయిన పుల్లలు ఏరాలి కదా. ఏరుతున్నాను.

ఇక నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదిగో. నువ్వు వెళ్ళాక అగరొత్తి నేనే వెలిగించాను. తల్లి పట్టకూడదని తెలుసు. మీ నాన్న పనికి వెళ్ళాక వెలిగించి, ఆయన వచ్చేసరికి కిటికీ తీసి వాసన పోగొట్టేదాన్ని. నేను కొనేవి పసుపు పుల్లవి, ముసలమ్మ దగ్గరివి. గిన్నెలో పసుపు పుల్లలున్నాయి. వాటి మధ్య ఎర్రవి, సన్నవి కూడా ఉన్నాయి. పైన మాత్రమే కాదు, అడుగుదాకా. అవి రేవు దగ్గర పడవవాళ్ళ గుళ్ళో అమ్మే రకం. మన ఇంటికి అవి తెచ్చే మనిషి ఒక్కరే.

పుల్లలు అరచేతిలో పెట్టుకుని తిరిగి చూశాను. మీ నాన్న తలుపు దగ్గరే ఉన్నాడు.

"ఎప్పుడు పెట్టేవాడివి?" అన్నాను.

"నువ్వు మార్కెట్‌కి వెళ్ళినప్పుడు."

"ఇన్నాళ్ళూ ఒక్కసారి పేరైనా ఎత్తలేదే నువ్వు!"

అప్పుడన్నాడు. "మా నాన్న పడవ మీద ఒక పట్టింపు ఉండేది. పోయినవాడి పేరు పడవ మీద ఎత్తకూడదు. ఎత్తితే వాడు సగం దారిలో వెనక్కి తిరుగుతాడు. అటూ పోలేడు, ఇటూ రాలేడు. మా తమ్ముడు మునిగిపోయినప్పుడు మా అమ్మ ఏడాది పొడుగునా నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది, పేరు వస్తుందేమోనని."

"ఇది పడవా? ఇది ఎనిమిదో అంతస్తు!"

"నాకు ఎక్కడున్నా పడవ మీద ఉన్నట్టే" అన్నాడు. "నువ్వు రోజూ పిలుస్తుంటే వాడు తిరుగుతాడేమోనని నేనూ పిలవకుండా బిగబట్టుకున్నా. ఇద్దరం పిలిస్తే వాడింక వెళ్ళలేడు."

ఇదీ సంగతి, లూయాన్. ఆకలేస్తుందని నేను పిలిచాను. దారి తప్పుతాడని ఆయన పిలవలేదు. వంటింటికీ హాలుకీ మధ్య ఆ ఒక్క మాట నడవలేదు.

మరి ఇప్పుడు తెలిసింది కదా, విడాకులెందుకు, కాగితం చింపెయ్యొచ్చు కదా అని నువ్వు రాస్తావు. రాయకు తల్లీ. ఆయన్ని చూస్తే నాకు చూన్ కోసం కూచున్న ఆస్పత్రి బెంచీ గుర్తొస్తుంది, నన్ను చూస్తే ఆయనకీ అంతే. తలుపు సందులోంచి ఒకరి అడుగుల చప్పుడు ఒకరం వింటూ, అది ఎటు పోతుందో చూసి ఇటు పోవడం అలవాటైంది. అలవాటు తెలిసినంత మాత్రాన పోదు. ఆయన గది ఆయనకి ఉంటే అక్కడ కూచుని గట్టిగా దగ్గగలడు, గట్టిగా ఏడవగలడు. నేనూ అంతే. నాకు ఇప్పుడు ఆయన మీద కోపం లేదు. ఎన్నాళ్ళకో కోపం లేకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

బూడిద డబ్బాలోకి వంచాను. ఆయన డబ్బా పట్టుకున్నాడు, నేను గరిటె పట్టుకున్నాను. కొంచెం కింద ఒలికితే వేలికి అంటించుకుని ఎత్తాడు. సంచులు గోదాము కుర్రాళ్ళతో ముందే పంపేశాడు. నల్ల గొడుగు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని కాసేపు నిలబడ్డాడు. నేను గిన్నె పట్టుకుని లోపలే ఉన్నాను. అయిపోయింది, పిలవడు అనుకున్నాను.

"చూన్" అన్నాడు.

గొంతు పూడుకుపోయి ఉంది, గడియ తియ్యని పాత తలుపులా. దగ్గి మళ్ళీ అన్నాడు.

"చూన్, గుమ్మం దాటుతున్నాం. కాలు ఎత్తు."

వరండా వెంట వెళ్ళాడు. "చూన్, మలుపు." లిఫ్టు మన అంతస్తులో ఆగదు కదా, "చూన్, మెట్లు. ఒక అంతస్తు దిగితే చాలు." లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది. నేను వరండాలోకి పరిగెత్తి పిట్టగోడ పట్టుకుని కిందికి చూశాను. రొకయా కూడా బయటికి వచ్చింది. ఎండ మాడిపోతోంది. మీ నాన్న కింద బయటికొచ్చి గొడుగు విప్పాడు. విప్పి తన తల మీద పట్టుకోలేదు, డబ్బా మీదికి పట్టుకున్నాడు. ఆయన బట్టతల ఎండలో మెరుస్తోంది.

"చూన్, ఎడమ పక్కకి తిరుగుతున్నాం!" గొంతు పెరుగుతోంది. కింద పిల్లలు ఆట ఆపి చూశారు. కాఫీ కొట్టు దగ్గర ముసలాళ్ళు కుర్చీలు తిప్పుకుని చూశారు. ఆయన ఎవరినీ చూడలేదు.

"చూన్ అమ్మా, ఎవర్ని పిలుస్తున్నాడు?" అంది రొకయా.

"మావాణ్ణే" అన్నాను.

బస్‌స్టాపుకి వెళ్ళాలంటే పెద్ద రోడ్డు మీది కాలివంతెన కిందనుంచి నడవాలి. ఆ వంతెన ఎంత ఎత్తో నీకు తెలుసు, దాని కింద లారీ మీద లారీ పెట్టినా తగలదు. మీ నాన్న దాని దగ్గరికి వెళ్ళి ఆగాడు. అప్పుడు వినపడింది, లూయాన్, పాత గొంతు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కేకేసే గొంతు.

"చూన్, వంతెన! తల వంచు!"

ఆయన కూడా తల వంచాడు. గొడుగు వంచాడు. అలాగే నడిచి అవతలికి వెళ్ళాడు. వంతెన దాటాక కాసేపు ఏం వినపడలేదు. నేను పిట్టగోడ మీదికి వంగిపోయాను, రొకయా నా జాకెట్టు వెనక పట్టుకుంది.

"చూన్, దాటాం! లే!"

బస్సొచ్చింది, ఎక్కేశాడు. బస్సులోకి ఎక్కుతున్నామని కూడా చెప్పే ఉంటాడు, అది వినపడలేదు.

నువ్వు కొత్త సంవత్సరానికి రాకు, ప్రసవం అయ్యాక బిడ్డతో రా. వచ్చినప్పుడు రెండిళ్ళకీ వెళ్ళాలి, రెండు గిన్నెల దగ్గరా మేనల్లుడినో మేనకోడలినో చూపించి నువ్వు అగరొత్తి వెలిగించాలి. మేం కన్నవాళ్ళం ఇంక ఆ పని మానేస్తాం, పిలవడం మాత్రం మానం. నాన్న ఇంటి అడ్రసు వెనక రాశాను. ఉత్తరం రెండుగా రాయి, ఒకటి ఇక్కడికి, ఒకటి అక్కడికి. ఆయనకి రాసేది పెద్ద అక్షరాలతో రాయి. పైన "చూన్ నాన్నకి" అని రాయి, పలుకుతాడు.

ఇట్లు,
చూన్ అమ్మ, లూయాన్ అమ్మ